ఆపరేషన్ పాత విండోస్

రాయపూర్ రింగురోడ్డు మీద ఒక మోటార్ సైకిల్‌ని లారీ గుద్దేసి ఆగకుండా వెళ్లిపోయింది. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. పోయినవాడి జేబులో ఉండాల్సిన పెన్ డ్రైవ్ జేబులో లేదన్న సంగతి వాళ్లకు తెలియదు. అది ఢిల్లీలో ఒకరికి తెలుసు. భిలాయిలో ఇంకొకరికి తెలియబోతోంది.

ఆ ఇంకొకరు పవర్ హౌస్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద బెంచీ చివర కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. అసలు పేరు శరత్. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ ఫైల్లో ఎస్-సెవెంటీన్. బయట మార్కెట్‌లో అతను అద్దెకు తీసుకున్న కౌంటర్ మీద మాత్రం 'వికాస్ మొబైల్ అండ్ లాప్‌టాప్' అని ఉంటుంది. ఈ మూడింటిలో ఏ పేరుతో పిలిచినా చటుక్కున తల తిప్పకూడదని ట్రైనింగ్‌లో నేర్పారు. ఈమధ్య ఆ ట్రైనింగ్‌తో అవసరం పడటం లేదు. పిలిచేవాళ్లే లేరు.

మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన కాలీఫ్లవర్ సంచీతో వచ్చి బెంచీకి రెండో చివర కూర్చున్నాడు.

"దుర్గ్ లోకల్ వెళ్లిపోయిందా భయ్యా?" హిందీలో అడిగాడు.

"వెళ్లింది. నా కోసం ఆగలేదు."

"నా కోసమూ ఆగలేదు."

కోడ్ సరిపోయింది. మంకీ క్యాప్ లోపల ఉన్నది డిపార్ట్‌మెంట్ చీఫ్. సంచీలోంచి చిన్న ఇత్తడి కీచైన్‌లా కనిపించే పెన్ డ్రైవ్ తీసి ఇద్దరి మధ్యా బెంచీ మీద పెట్టాడు.

"స్టీల్ ప్లాంట్ రైల్ మిల్లులో కొత్త టెస్టింగ్ లైన్ సోమవారం మొదలవుతోంది," అన్నాడు చీఫ్, పట్టాల వైపు చూస్తూ. "పట్టాలో కంటికి కనపడని పగులుంటే అల్ట్రాసోనిక్ మెషీన్ పట్టుకుంటుంది. ఆ రిజల్ట్ చదవడానికి ఒక కొత్త లాప్‌టాప్ వచ్చింది."

"ఎవరు సప్లై చేశారు?"

"ఒక ఏజెన్సీ. పైకి మన కంపెనీయే. వెనకాల ఆర్కిడ్."

శరత్ చేతిలో వేరుశనక్కాయ ఆగిపోయింది. ఆర్కిడ్ ఒక విదేశీ ముఠా. తుపాకులు వాడదు. నమ్మకాలు చెడగొడుతుంది.

"లాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే వాళ్ల ప్రోగ్రామ్ దాక్కుని ఉంది. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా మళ్లీ మొలుస్తుంది. లైన్‌కి తగిలించగానే నిద్ర లేస్తుంది. పగిలిన పట్టాల్లో అక్కడొకటి ఇక్కడొకటి ఏరి 'ఓకే' ఇస్తుంది."

అంతలో స్టేషన్ గుండా గూడ్సు వెళ్లింది. పొడవాటి పట్టాలు మోసుకుంటూ, బోగీ తర్వాత బోగీ. అవన్నీ ఎక్కడెక్కడో పరుచుకుంటాయి. వాటి మీద జనం నిద్రపోతూ ప్రయాణం చేస్తారు.

"సీజ్ చేసేద్దాం సార్."

"సీజ్ చేస్తే ఇంద్రజ చచ్చిపోతుంది."

ఇంద్రజ ఆ ఏజెన్సీకి రీజనల్ మేనేజర్. ఆర్కిడ్ జీతగత్తె. అంతకంటే ముందు నుంచీ డిపార్ట్‌మెంట్ మనిషి. లారీ గుద్దింది ఆమె కబురు మోసుకొస్తున్నవాణ్ణే. గుద్దేలోపే అతను పెన్ డ్రైవ్ చేతులు మార్చేశాడు.

"ఈ లాప్‌టాప్ రహస్యం ఆర్కిడ్‌లో ముగ్గురికే తెలుసు. మనం వేలు పెట్టామని వాసన తగిలితే చాలు, ఆ ముగ్గురిలో చెప్పింది ఎవరో వాళ్లు పూటలో తేల్చుకుంటారు. కాబట్టి ఆ సిస్టమ్ తుడిచిపెట్టుకుపోవాలి. కానీ తుడిచినవాడికి తానేం తుడిచాడో తెలియకూడదు. విన్నవాడు నవ్వేసి ఊరుకోవాలి. ఇంకో సంగతి. పోయినవాడి నోట అంతకుముందే మాటల్లో పెట్టి ఒక్క ముక్క రాబట్టారట. భిలాయిలో ఉన్న మన మనిషి తెలుగువాడని."

"లాప్‌టాప్ ఎవరి దగ్గరుంది?"

"రామమోహనరావు. టెస్టింగ్ ఇన్‌చార్జ్. రుఆబాంధా సెక్టార్‌లో క్వార్టర్." చీఫ్ లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. "వాళ్లింట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. నీకు తెలుగు రాదు. గుర్తుందిగా?"

"నాకు తెలుగు రాదు సార్," అన్నాడు శరత్ శుభ్రమైన హిందీలో.

అది చెప్పినంత తేలిక కాదు. శరత్‌ది పలాస వైపు. వికాస్ సాహూ అయినప్పటి నుంచీ అతను తెలుగులో నోరు విప్పలేదు. మార్కెట్ నిండా మనవాళ్లే. ప్లాంట్‌లో పనికొచ్చి స్థిరపడిపోయిన శ్రీకాకుళం, విజయనగరం జనం కౌంటర్ ముందు నిలబడి "ఈడు బాగు చేస్తాడేటి?" అని అతని ఎదురుగానే తర్కించుకుంటారు. అతను తల వంచుకుని స్క్రూలు బిగిస్తాడు. ఒంటరితనం అంటే చుట్టూ ఎవరూ లేకపోవడం అనుకునేవాడు ఒకప్పుడు. చుట్టూ అందరూ ఉండి, వాళ్లు మాట్లాడేది ప్రతి అక్షరం అర్థమవుతూ, అర్థం కానట్టు మొహం పెట్టడం అంతకంటే కష్టమని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

శుక్రవారం సాయంత్రం పవర్ హౌస్ మార్కెట్లో ఒక తెల్ల కారు ఆగింది. అందులోంచి దిగిన మనిషిని చూసి పండ్ల బండివాడు తూకం మర్చిపోయాడు. నల్ల కళ్లద్దాలు, నీలం సిల్కు చీర, పక్కనున్న జాముల్ సిమెంట్ ఫ్యాక్టరీ దుమ్ములో కూడా మాయని నడక. తిన్నగా వికాస్ కౌంటర్ దగ్గరికొచ్చి ఫోన్ అద్దం మీద పెట్టింది.

"దీనికి స్క్రీన్ గార్డ్ ఉందా?"

"ఉంది దీదీ. కానీ గీతలు ఆపుతుంది, పగుళ్లు ఆపదు."

"పగుళ్లు నేను చూసుకుంటాను."

కోడ్ అయిపోయింది. శరత్ ఫోన్ తుడవడం మొదలుపెట్టాడు. ఆ పని ఎంత నెమ్మదిగా చేయవచ్చో అంత నెమ్మదిగా చేశాడు. ఎందుకంటే ఇంద్రజకు అతని అసలు పేరు తెలుసు. ఈ ప్రపంచంలో చీఫ్‌ని మినహాయిస్తే ఆమెకొక్కదానికే తెలుసు.

"ఆదివారం రామమోహనరావు ఇంటికి నరసింగరావు వస్తాడు," అంది ఆమె హిందీలోనే, చూపు రోడ్డు మీద పెట్టి. "మా ఫీల్డ్ ఇంజనీర్. సోమవారం దాకా లాప్‌టాప్ మీద కన్నేసి ఉంచమని పైవాళ్ల ఆర్డర్. తెలుగువాడు. నీకోసమే వెతుకుతున్నాడు."

"పనయ్యాక నువ్వు క్షేమంగా ఉన్నావని నాకెలా తెలుస్తుంది?"

ఇది డ్యూటీలో అడగాల్సిన ప్రశ్న కాదు.

"నీ షాపుకి ఆన్‌లైన్‌లో రేటింగ్ ఇస్తాను. ఒక్క స్టార్ ఇస్తే క్షేమం. అయిదు ఇస్తే, పారిపో." ఫోన్ తీసుకుని, తిరిగి వెళ్లబోతూ, పెదవులు కదిలీ కదలనట్టు, "శరత్" అంది. ఏదో అడగడానికి కాదు. ఊరికే.

కారు వెళ్లిపోయాక పండ్ల బండివాడు తేరుకుని తూకం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

రామమోహనరావుగారి పాత లాప్‌టాప్ మూత హింజ్ విరిగి అప్పటికే రిపేరుకి వికాస్ కౌంటర్‌లో ఉంది. ఆ హింజ్ విరగడంలో డిపార్ట్‌మెంట్ చెయ్యి ఉందో లేదో చీఫ్ చెప్పలేదు, శరత్ అడగలేదు. ఆదివారం పొద్దున దాన్ని సంచీలో పెట్టుకుని, ఇత్తడి కీచైన్ జేబులో వేసుకుని, ఆటోలో రుఆబాంధా చేరాడు. క్వార్టర్ ముందు జామచెట్టు, కరివేపాకు మొక్క, గేటు మీద పేరు.

రామమోహనరావుకి వచ్చే ఏడు రిటైర్మెంట్. పలచని మనిషి, దట్టమైన కనుబొమ్మలు. డైనింగ్ టేబుల్ మీద కొత్త లాప్‌టాప్ ముందు అలిగిన పెళ్లికొడుకులా కూర్చుని ఉన్నాడు.

"ఇది నన్ను పేరు అడుగుతోంది, ఫోన్ నంబర్ అడుగుతోంది, మొహం చూపించమంటోంది," అన్నాడు హిందీలో. "నేను దీన్ని కొన్నానా, ఇది నన్ను కొన్నదా?"

"కొత్త వెర్షన్ సాబ్. చాలా బాగుంటుంది," అన్నాడు శరత్.

"ఏం బాగు? నా గ్రాఫ్ ప్రోగ్రామ్ దీంట్లో తెరుచుకోవడం లేదు. ఇరవై ఏళ్లుగా పట్టాలో పగులు ఆ గ్రాఫ్‌లోనే చూస్తున్నాను."

"కొత్తది నేర్చుకోండి సాబ్. పాత విండోస్ ఇందులో వెయ్యడం కుదరదు."

ఆ 'కుదరదు' అనే మాట శరత్ ఎంతో ఆలోచించి తెచ్చుకున్నది. ప్లాంట్‌లో జీవితం గడిపిన ఇంజనీరుకి ఏ పనైనా చేసి పెట్టమని బతిమాలితే వాయిదా వేస్తాడు. కుదరదని చెబితే చొక్కా చేతులు మడుస్తాడు. రావుగారి కనుబొమ్మలు పైకి లేచాయి.

"కుదరదా? ఎందుకు కుదరదు? లోపల ఉన్నది ప్రాసెసరే కదా, దేవుడు కాదు కదా? మీనాక్షీ, వీడేటి అంటన్నాడో విన్నావా?"

వంటింట్లోంచి మీనాక్షమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. శరత్ మొహం ఒకసారి చూసి, మొగుడితో తెలుగులో అంది: "పాపం, ఎవురింటి పిల్లడో. ఎలా వాడిపోనాడో చూడండి. ఆదివారం పూట కూడా తిప్పుతన్నారు. ముందు టీ ఇచ్చీనా?"

శరత్ గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. అంత దయగా ఎవరైనా తన గురించి మాట్లాడి ఎన్నాళ్లయిందో లెక్క వేయబోయి మానేశాడు.

"పాతది వెయ్యి. నా పూచీ," అన్నారు రావుగారు.

రెండుసార్లు కాదని, మూడోసారి తల గోక్కుని, శరత్ కీచైన్ గుచ్చాడు. లాప్‌టాప్ దాన్ని ఒప్పుకోలేదు. సెట్టింగ్స్ లోపలికి వెళ్లి, బయటి సిస్టమ్‌ని అడ్డుకునే సెక్యూర్ బూట్ తీసేశాడు. అప్పుడు ఒప్పుకుంది. స్క్రీన్ మీద 'డిస్క్ చెకింగ్' అని వచ్చింది. నిజానికి ఆ పేరు వెనక ఆర్కిడ్ ప్రోగ్రామ్ కాపీ, సాక్ష్యం కోసం, కీచైన్‌లోకి దిగుతోంది. ఎంతవరకూ అయిందో చూపే గీత చీమలా పాకుతోంది.

"అది అయ్యేలోపు భోజనం చేసీమనండి," అంది మీనాక్షమ్మ.

అదే సమయానికి గేటు చప్పుడైంది. బొద్దుగా, నవ్వుమొహంతో ఒక మనిషి లోపలికొచ్చాడు.

"నమస్కారం సార్! మనోళ్లింట్లో పప్పు వాసన వీధి మలుపు దాకా వచ్చీసింది!"

నరసింగరావు. నరసింగరావు టేబుల్ చివర తెరిచి ఉన్న లాప్‌టాప్ చూశాడు, దాని పక్కనున్న మనిషిని చూశాడు.

"ఈ భయ్యా ఎవరు సార్?"

"రిపేర్ కుర్రాడు. బిలాస్‌పూర్ వైపట. ఏదో చెక్ చేస్తన్నాడు. కూర్చోండి, ముందు తినీండి."

ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. నెయ్యి వేసిన ముద్దపప్పు, వంకాయ కూర, చారు. నరసింగరావు ఫోన్ చూసుకుంటూ, ప్లాంట్‌లో కొత్తగా చేరిన తెలుగువాళ్లు ఎవరెవరని మధ్యమధ్య ఆరా తీస్తూ తింటున్నాడు. శరత్ చెవులు అతని మాటల మీద, కళ్లు లాప్‌టాప్ గీత మీద ఉన్నాయి. చెయ్యి మీద మాత్రం ఎవరి కాపలా లేదు. ఆ చెయ్యి చిన్నప్పుడు పలాసలో నేర్చుకున్నట్టే పప్పన్నం తింది, కూరన్నం తింది, చారన్నం జుర్రింది.

తప్పు అక్కడే జరిగింది.

ఇక్కడివాళ్లు పప్పూ కూరా అన్నం ఒకేసారి పెట్టుకుని, అయిపోగానే లేచి చెయ్యి కడుక్కుంటారు. శరత్ లేవలేదు. కంచంలో గుప్పెడు అన్నం పక్కకు జరిపి, చెయ్యి ఆరిపోతున్నా అలాగే కూర్చున్నాడు. పెరుగు కోసం.

మీనాక్షమ్మ అలవాటుగా వచ్చి ఆ గుప్పెడు అన్నం మీద పెరుగు వడ్డించింది. వడ్డించాక ఆమె చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగింది. శరత్ అప్పుడు గానీ కంచం వైపు చూడలేదు.

నరసింగరావు కూడా ఫోన్ మీద నుంచి తలెత్తాడు. నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం నవ్వడం లేదు.

"ఏంటి భయ్యా," అన్నాడు హిందీలో, "పెరుగు కోసం కూర్చున్నావే? అచ్చం మాలాగే?"

ఫ్యాన్ తిరుగుతోంది.

"నేనే కూర్చోమన్నాను," అంది మీనాక్షమ్మ హిందీలో, గిన్నె మూత పెడుతూ. "ఎండన పడి వచ్చాడు, పెరుగు తింటే గానీ లేవనివ్వనన్నాను. మీరు ఫోన్‌లో ఉన్నారు, వినలేదు."

ఆమె అలా ఎప్పుడూ అనలేదు. అబద్ధం. శరత్‌కి తెలుసు, ఆమెకీ తెలుసు. నరసింగరావు కాసేపు ఇద్దరినీ చూసి, "ఆంటీజీ చేతి పెరుగు అలాంటిది మరి!" అని మళ్లీ ఫోన్‌లో పడ్డాడు. శరత్ ఆ గుప్పెడు పెరుగన్నం తిన్నాడు. ఏళ్ల తర్వాత తింటున్నాడు. రుచి తెలియలేదు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి కాపీ అయిపోయింది. స్క్రీన్ మీద డిస్క్‌లోని అరలు, అదే పార్టిషన్లన్నీ వరుసగా ఉన్నాయి. అడుగున చిన్నది ఒకటి, ఎవరూ పట్టించుకోనిది. ఆర్కిడ్ పడుకున్నది అందులోనే. అన్నీ సెలెక్ట్ అయి ఉన్నాయి. కింద ఒకే ప్రశ్న: డిలీట్ చేయాలా?

నరసింగరావు అప్పుడు చూశాడు. బొద్దు మనిషి అంత వేగంగా లేవగలడని ఎవరూ అనుకోరు.

"సార్! ఇదేటి? ఏం చేస్తన్నారు?"

"పాత విండోస్ వేయిస్తన్నాను."

"వద్దు సార్! కంపెనీ వేసిచ్చిన సిస్టమ్ తీసీకూడదు! సోమవారం లైన్ మొదలు, ఇప్పుడు ఇదేటి సార్?" అని కీచైన్ లాగడానికి చెయ్యి చాపాడు. రావుగారు ఆ చేతిని పట్టుకుని పక్కకు పెట్టారు. నరసింగరావు చెమట తుడుచుకుని ఫోన్ తీశాడు. "మా మేడమ్‌తో మాటాడండి. స్పీకర్‌లో పెడతన్నాను."

రెండు రింగులు. తర్వాత ఆ గొంతు గదిలోకి వచ్చింది. శరత్ స్క్రీన్ మీదనుంచి కళ్లు కదపలేదు.

"రావుగారూ, నమస్తే," అంది ఇంద్రజ, మంచుముక్కలాంటి హిందీలో. "దయచేసి ఆ సిస్టమ్ ముట్టుకోకండి. వారంటీ పోతుంది."

"పోనీయండి. నా గ్రాఫ్ దీంట్లో పనిచెయ్యడం లేదు."

"మీ గ్రాఫ్ ఎవరూ వాడనిది సార్. మీ వయసువాళ్లకి కొత్తవి కష్టమే, నాకర్థమవుతుంది. పోనీ సోమవారం టెస్టింగ్‌కి కుర్రవాళ్లని ఎవరినైనా కూర్చోబెట్టమని మీ జనరల్ మేనేజర్‌కి చెప్పనా? మీరు విశ్రాంతి తీసుకోవచ్చు."

శరత్‌కి లోపల చప్పట్లు కొట్టాలనిపించింది. ఎక్కడ నొక్కాలో సరిగ్గా అక్కడ నొక్కింది. పక్కన ఆర్కిడ్ మనిషి సాక్షిగా నిలబడి, మేడమ్ ఎంత గట్టిగా అడ్డుకుంటోందో చెవులారా వింటున్నాడు.

రావుగారు శరత్‌ని భుజంతో తప్పించి, కళ్లద్దాలు సర్దుకుని, చూపుడువేలితో ఎంటర్ కొట్టారు.

పార్టిషన్లు ఒకటొకటే మాయమయ్యాయి. చిన్నది చివర పోయింది.

"ఇప్పుడు చెప్పండి మా జనరల్ మేనేజర్‌కి," అన్నారు రావుగారు ఫోన్‌తో. "మీ ఇష్టం సార్," అంది ఇంద్రజ. ఫోన్ పెట్టేసింది.

పాత విండోస్ ఎక్కింది. వైఫై రాలేదు, దాని డ్రైవర్ కీచైన్‌లోంచి వేశాడు. సౌండ్ రాలేదు, అదీ వేశాడు. చివరికి ఆకుపచ్చ గ్రాఫ్ తెరుచుకోగానే రావుగారు చిన్నపిల్లాడిలా అరిచారు. నరసింగరావు వరండాలో నిలబడి ఎవరికో హిందీలో చెబుతున్నాడు: "లేదు, ఎవరి పనీ కాదు. ముసలాయన మొండి. మేడమ్ ఎంత చెప్పినా వినలేదు. అవును, నవ్వండి, నాకూ నవ్వే వస్తోంది."

శరత్ గేటు దాకా వెళ్లాడు. వెనకాలే మీనాక్షమ్మ స్టీలు డబ్బాతో వచ్చింది. మూత మీద తెలుగులో పేరు చెక్కి ఉంది.

"పులిహోర, జంతికలు పెట్టీసేను," అంది తెలుగులో, మెల్లగా. "నువ్వు మనోడివే. ఎందుకు దాస్తన్నావో నాకక్కర్లేదు. ఏదో ఉంటాది. ఆ నరసింగరావు చూపులు నాకూ నచ్చలేదు. ఒక్క ముక్క తెలుగులో మాటాడు బాబూ, వింటాను."

వరండాలో నరసింగరావు ఫోన్ పెట్టేసి ఇటే చూస్తున్నాడు.

ఎన్నో మాటలు శరత్ నోటి దాకా వచ్చాయి. అమ్మా అనాలనిపించింది. పెరుగు కమ్మగా ఉందని చెప్పాలనిపించింది. రుచి తెలియలేదు గానీ, కమ్మగానే ఉండి ఉంటుంది.

"ఆంటీజీ, సమఝా నహీ," అన్నాడు, అర్థం కాలేదన్నట్టు.

ఆమె అతని మొహంలోకి చూసింది. "సరేలే," అంది. "డబ్బా మళ్లీ తెచ్చి ఇచ్చీయి."

ఆటో సెక్టార్ దాటి మెయిన్ రోడ్డు ఎక్కింది. ఇంజన్ మోతలో, డబ్బా ఒళ్లో పెట్టుకుని, శరత్ గొంతు సవరించుకున్నాడు.

"వెళ్లొస్తానమ్మా," అన్నాడు తెలుగులో.

ఆటోవాలా ఏమన్నావన్నట్టు వెనక్కి తిరిగాడు. "క్యా బోలే భయ్యా?"

"కుఛ్ నహీ."

సోమవారం టెస్టింగ్ లైన్ మొదలైంది. మొదటి గంటలోనే ఆకుపచ్చ గ్రాఫ్ ఒక పగిలిన పట్టాని పట్టుకుంది, రావుగారు దాన్ని పక్కకు తీయించారు. ఆ సాయంత్రం శరత్ కౌంటర్ ఖాళీ చేస్తూ ఫోన్ తెరిచాడు. షాపు పేజీలో ఒక కొత్త రేటింగ్ ఉంది. ఒక్కటే స్టార్. కింద హిందీలో ఒక వాక్యం: 'స్క్రీన్ గార్డ్ అప్పుడే ఊడిపోయింది. ఈ షాపుకి మళ్లీ రాను.'

ఆమె బతికి ఉంది. మళ్లీ రాదు. ఆ రెండూ ఒకే స్టార్‌లో ఉన్నాయి. అతను దాన్ని చాలాసార్లు చదువుకున్నాడు. తర్వాత రూల్ ప్రకారం షాపు పేజీ తీసేశాడు.

స్టేషన్ బెంచీ మీద చీఫ్ ఈసారి అరటిపళ్ల సంచీతో ఉన్నాడు. కీచైన్ తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"అద్భుతం. ఆర్కిడ్ వాళ్లు ముసలాయన్ని తిట్టుకుంటున్నారు. ఇంద్రజని మెచ్చుకున్నారట కూడా. నీ బండికి టైమయింది. వికాస్ సాహూ గుర్తులేమీ మిగల్లేదుగా?"

"లేవు సార్. ఈ డబ్బా ఒక్కటే."

చీఫ్ డబ్బా తీసుకుని, మూత మీద అక్షరాలు తిప్పి తిప్పి చూశాడు. జంతికలు అయిపోయాయి. లోపల శుభ్రంగా కడిగి తుడిచి ఉంది.

"ఖాళీదేగా? నా దగ్గరే ఉంచుతాను. ఎవరితోనైనా వాళ్ల గేటు దగ్గర పెట్టిస్తాను."

"ఖాళీగా ఇవ్వకూడదు సార్," అన్నాడు శరత్. డబ్బా వెనక్కి తీసుకుని, చీఫ్ సంచీలోంచి రెండు అరటిపళ్లు తీసి అందులో పెట్టి, మూత బిగించి ఇచ్చాడు.

చీఫ్ కళ్లు చిన్నవయ్యాయి. "ఏమిటిది? నాకు తెలియని కొత్త కోడా?"

"కాదు సార్. పాత వెర్షనే. ఇంకా పనిచేస్తోంది."